పొయ్యి మీది దండెం

చరిత్ర అనగానే మనకు కోట, గుడి, శాసనం గుర్తుకు వస్తాయి. గుడిబండె చరిత్ర చెప్పమన్నా ఎవరైనా కొండమీది కోటతోనే మొదలుపెడతారు. మడకశిర పక్కనున్న గుడిబండ వేరు. ఇది 2007 వరకు కోలారు జిల్లాలోనూ, ఆ తర్వాత చిక్కబళ్ళాపురం జిల్లాలోనూ ఉన్న మన గుడిబండె. పదిహేడో శతాబ్దంలో బైరేగౌడ అనే పాళెగాడు కట్టించాడని చెప్పుకునే ఆ కోటలో, వాననీటిని పట్టి నిలిపే దొనలు 19 ఉన్నాయి. కొండకింద బైరసాగరం చెరువు ఉంది. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టాడని బైరేగౌడ మీద కథలు చెబుతారు. కథల మాట ఎలా ఉన్నా, దొనలు మాత్రం ఒక సత్యం చెబుతున్నాయి. ఇది దాచుకుంటే తప్ప బతకలేని సీమ.

చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని మూడూ నంది కొండల చుట్టుపక్కలే పుట్టాయి. అయినా వానాకాలం దాటితే వాటిలో ఇసుకే మిగులుతుంది. అందుకే మనవాళ్ళు నీటిని దొనలోనూ చెరువులోనూ దాచారు. రాగులను భూమిలో పాతర వేసి దాచారు. మాంసాన్ని పొయ్యి మీది దండెం మీద దాచారు. మొదటి రెండింటి గురించి గెజెటీర్లలో, చరిత్ర పుస్తకాలలో ఎంతో కొంత దొరుకుతుంది. మూడోదాని మాట ఎత్తినవారు అరుదు. అది వంటింటి సంగతి, అందులోనూ నీచు సంగతి కాబట్టి కాబోలు.

దాన్ని ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఉంది. పొగలో మాంసం వండడం నేడు ఒక సంపన్నుల ముచ్చటగా, అమెరికా నుంచి వచ్చిన కొత్త విద్యగా మన ఇండ్లలోకి ప్రవేశిస్తున్నది.

అమెరికా పెరట్లో

అమెరికాలో ఇంటి పెరట్లో పెట్టుకునే పొగపెట్టె ఒకటి ఉంది. దాన్ని పెల్లెట్ స్మోకర్ అంటారు. రంపపు పొట్టును గట్టిగా అదిమి, వేలెడు మందాన కూడా లేని చిన్న చిన్న గుళికలుగా చేస్తారు. పెట్టె పక్కన తొట్టిలో ఆ గుళికలు పోస్తే, ఒక మరసీల వాటిని కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది. చిన్న పంకా గాలి విసురుతుంది. వేడి ఎంత ఉండాలో మీట తిప్పి పెడితే చాలు, ఎక్కువైతే గుళికలు తగ్గుతాయి, తక్కువైతే పెరుగుతాయి. అందులో పక్కటెముకల పలకను పలకగానే పెట్టి, సుమారు 107 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ఐదారు గంటలు ఉంచుతారు. నీళ్ళు మరిగే వేడికి అది కాస్త ఎక్కువ, అంతే. ఆ నిదానపు వేడికి ఎముకను పట్టుకున్న నరం, జిగురు కరిగి, కండ ఎముక నుంచి దానంతట అది జారుతుంది. పైన పొగ వాసన, లోపల గులాబీ రంగు చార పడుతుంది.

ఈ గుళికలు మొదట వంటకు పుట్టినవి కావు. 1970లలో చమురు ధరలు మండిపోయినప్పుడు, చలిదేశాలలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి చవక వంటచెరకుగా ప్రచారంలోకి వచ్చాయి. ఆరెగాన్ రాష్ట్రంలో జో ట్రేగర్ అనే ఆయన 1980ల నడుమ ఆ గుళికలతో నడిచే వంట పెట్టెను తయారుచేసి 1986లో పేటెంటు పొందాడు. 2006లో ఆ గడువు తీరాక మిగతా కంపెనీలూ దిగాయి. ఈనాడు టెక్సాస్‌లో స్థిరపడిన మన తెలుగువారి పెరళ్ళలో కూడా ఆ పెట్టె కనిపిస్తే వింత లేదు.

మరి మన సీమలో పక్కటెముకకు పొగ ఎందుకు పట్టలేదు? మనకు పొగ తెలియకనా? కాదు. జవాబు పొయ్యిలో లేదు, పంపకంలో ఉంది.

గుడ్డె మాంసం

మన పల్లెలలో పది ఇండ్లవారు డబ్బు వేసుకుని ఒక పొట్టేలును తెచ్చి కోసుకోవడం పాత వాడుక. కన్నడంలో దాన్ని గుడ్డె మాంసం అంటారు, తెలుగు జిల్లాలలో పోగులు వేయడం అంటారు. మన దిక్కున రెండు మాటలూ చెల్లుతాయి. ఉగాది మర్నాడు, కన్నడిగులు హొసతొడకు అని పిలిచే నాడు, ఈ పోగులు పడని ఊరు తక్కువ. పోగు వేయడానికి ఒక ధర్మం ఉంది. మెత్తటి కండ ఒకరికి, ఎముక మరొకరికి పోకూడదు. కార్జం, కొవ్వు, మూలుగ ఎముక, పక్కటెముక, అన్నీ ముక్కలై అన్ని పోగులలోనూ పడాలి. అంటే పక్కటెముకల పలక పలకగా ఒక ఇంటికి చేరే అవకాశమే లేదు. కత్తి కింద అది పది ఇండ్ల పాలవుతుంది. పక్కటెముకలను పలకగా వండాలంటే, ఒక పశువు ప్రక్కను ఒకే ఇల్లు కొనగలగాలి. పొగపెట్టె వెనుక ఉన్న మొదటి షరతు ఇది.

రెండో కారణం సంగటి. రాగి సంగటికి తడి కావాలి. ముద్ద మునగడానికి పులుసో సారో ఉండాలి. ఒక ఇంటికి చేరిన నాలుగు పక్కటెముకలను నీళ్ళలో ఉడికిస్తే వాటి సారమంతా నీటిలోకి దిగి, ఎనిమిది మంది ముద్దకు చాలుతుంది. అవే నాలుగు ఎముకలను నిప్పు మీద పెడితే ఇద్దరికి కూడా చాలవు. అనపగింజలు, ఎముకలు కలిపి ఉడికించిన సారు మన సీమలో గొప్ప వంట అయిందంటే, అది రుచితో పాటు లెక్క కూడా. మూడోది, మన మేక, గొర్రె బక్కవి. అమెరికా పందికి ఎముకల నడుమ ఉన్నంత కొవ్వు వీటికి లేదు. గంటల తరబడి పొడి వేడిలో పెడితే ఎండి చెక్క అవుతాయి.

కలిసి కోసుకోవడం ఎంత పాతదో చెప్పలేం గాని, ఈ దక్కను నేల మీద మంద కోత మాత్రం చాలా పాతది. అప్పటి గుల్బర్గా జిల్లా బూదిహాళ్‌లో కె. పద్దయ్య గారు 1990లలో జరిపిన తవ్వకాలలో, నవీన శిలాయుగపు పశుపాలకులు పశువులను కోసిన నేల ఒకటి బయటపడింది. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మాట అది.

ఉప్పుకండం

పొగ దక్కింది పక్కటెముకకు కాదు, ఎముక లేని కండకు. పక్కటెముకలు, తల, కాళ్ళు, పేగులు ముందు వండుకుని తినేస్తారు. తొడ కండ మిగిలితే దాన్ని పొడుగ్గా, వేలెడు మందాన చీలుస్తారు. కొవ్వు తీసేస్తారు, ఎందుకంటే నిలువలో ముందు చెడేది కొవ్వే. ఉప్పు, పసుపు, కొంచెం కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండలో వేలాడదీస్తారు. మూడు నాలుగు మంచి ఎండలు తగిలితే అది గిలగిలమని చప్పుడు చేసే ఎండు కండ అవుతుంది. ముసురు పట్టి ఎండ రాకపోతే, లేదా ఎండినదానికి పురుగు పట్టకుండా ఉండాలంటే, పొయ్యికి ఎగువన కట్టిన దండెం మీదికి ఎక్కిస్తారు. రోజూ రెండు పూటల వంట పొగ దానికి తగులుతూ ఉంటుంది. ప్రత్యేకంగా ఒక్క పుల్ల కాల్చనక్కరలేదు. అన్నం వండే పొయ్యే మాంసానికి కాపలా కాస్తుంది.

ఇందులోని శాస్త్రం తేలికే. పచ్చి మాంసంలో నాలుగింట మూడు వంతులు నీరు. ఉప్పు, ఎండ కలిసి ఆ నీటిని లాగేస్తే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు బతుకు లేదు. కట్టె కాలినప్పుడు అందులోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి ఫీనాల్ జాతి ద్రవ్యాలు పుడతాయి. పొగ వాసన వాటిదే. మాంసం పైపొరలో సూక్ష్మజీవులను అణిచేదీ, మిగిలిన కొవ్వు కంపు కొట్టకుండా ఆపేదీ కూడా అవే. ఆరెగాన్ పెట్టెలో రుచి కోసం పట్టే పొగ, మన దండెం దగ్గర నిలువ కోసం పట్టింది. రుచి దాని వెంట వచ్చిన కొసరు.

అలా దాచిన ఉప్పుకండం నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, సంగటిలో నంజుకునేవారు. కూర లేని రోజున రెండు తునకలు పులుసులో వేస్తే ఇల్లంతా మాంసం వండినట్టే. 1876-78 నాటి ధాత కరువులో మైసూరు సీమ ఎంతగా దెబ్బతిన్నదంటే, 1871 లెక్కలలో 50 లక్షలు దాటి ఉన్న జనం 1881 నాటికి 42 లక్షల లోపుకు దిగిపోయింది. ఒక్క వాన తప్పితే మేత లేక మందలు ఒక్కసారిగా పడిపోయే నేలలో, ఈ రోజు మాంసాన్ని రేపటికి నిలిపే విద్య ముచ్చట కాదు, ప్రాణం.

మాటలో మిగిలిన పొగ

రాతలో లేనిది మాటలో దొరుకుతుంది. ఉప్పుకండం అన్న మాటే చూడండి. తెలుగులో ఉప్పుకండం, కన్నడంలో ఉప్పుకండ, తమిళంలో ఉప్పుక్కండం. మూడు భాషల వంటిండ్లూ ఒకే మాట పలుకుతున్నాయి. సంస్కృతంలో ఎండు మాంసానికి వల్లూరం అని పేరు. అమరకోశం దాన్ని చేర్చుకుంది. అంటే అమరసింహుడి నాటికే అది నిఘంటువుకెక్కేంత సామాన్యమైన వస్తువు.

పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజు భోజనం వర్ణిస్తూ, పందిని గడ్డిమంటలో కమర్చడం, ముక్కలను నిప్పుల మీద కాల్చడం, చువ్వలకు గుచ్చి కాల్చడం వివరంగా చెప్పాడు. గడ్డిమంటలో కమర్చే పద్ధతి మన పల్లెలలో మొన్నమొన్నటి వరకు కళ్ళెదుటే ఉండింది. మేకతల, కాళ్ళు ఇప్పటికీ కాల్చే వండుతాం. గడ్డికి బదులు గ్యాసు మంట వచ్చింది, అంతే తేడా. రాజు పొయ్యి గ్రంథానికెక్కింది. పేద పొయ్యి మాటలోనే నిలిచింది.

అన్నిటికంటే విశేషం పోపు. పోపు అన్న మాట పొగపు నుంచి వచ్చింది. పొగపడం అంటే పొగ పట్టించడం. కాగిన నూనెలో ఆవాలు, ఇంగువ వేసి ఆ ఘాటు పొగను కూరకు పట్టించడమే పోపు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వానాకాలపు అతిథి భోజనం వర్ణించేటప్పుడు కూరలకు ఈ పొగపడం అన్న క్రియనే వాడాడు. ఆ పంక్తిలో వరుగులు, వడియాలు కూడా ఉన్నాయి. అన్నీ ఎండలో దాచుకున్నవే. విష్ణుచిత్తుని ఇల్లు వైష్ణవ గృహం గనుక మాంసం ప్రసక్తి లేదు గాని, ముసురు రోజులకు ఎండబెట్టి దాచుకోవడమనే బుద్ధి ఒక్కటే.

ఇంకో సంగతి. తెలుగు పొగ కన్నడంలో హొగె అయింది, తమిళంలో పుగై. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, కన్నడంలో పదో శతాబ్దం తర్వాత క్రమంగా పదం మొదటి పకారం హకారమైంది. తెలుగు పాత పకారాన్ని అలాగే ఉంచుకుంది. మన సీమలో ఒకే ఇంట్లో అవ్వ పొగ అంటే మనవడు హొగె అంటాడు. ఇద్దరూ ఒకే మాటను రెండు కాలాలలో పలుకుతున్నారు. ఇందులో ఎవరి మాటా పరాయిది కాదు.

తునకలు

ఇంతవరకు మేక, గొర్రె మాట చెప్పాను. ఎద్దు మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది, ఆ సగం కూడా అబద్ధపు సగం.

ఊళ్ళో చచ్చిన పశువును మోసుకుపోయి తోలు ఒలిచే పని మాదిగవాడ మీద మోపారు. తోలు ఊరికి, మాంసం వాడకు. ఒక్క పశువు మాంసం ఒక పూటలో తినేది కాదు. మే నెల ఎండలో మర్నాటికి నిలిచేదీ కాదు. కాబట్టి కోసి, తునకలు చేసి, ఇంటి ముందు తాళ్ళ మీద ఎండబెట్టారు. ఉప్పుకండం కొన్ని ఇండ్లలో ముచ్చటైతే, తునకలు వాడలో ఏడాది పొడుగునా పోషణ. విద్య ఒకటే, పేరు వేరు, మర్యాద వేరు. అటక కింద దాచిన కండను ఎవరూ వేలెత్తి చూపలేదు. వీధిలో తాడు మీద ఆరిన కండ మాత్రం ఒక కులానికి గుర్తుగా, ఎగతాళిగా మారింది. 1800లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఏ కులంవారు ఏ మాంసం తింటారో, ఏది తినరో వరుసగా రాసుకుంటూ పోయాడు. ఆయన పుస్తకం 1807లో అచ్చయింది. తిండిని బట్టి మనిషిని కొలిచే చూపు ఊరిలో ఎంత గట్టిగా ఉంటే, పరాయివాడి పుస్తకంలోకి అంత తేలికగా ఎక్కుతుంది!

అంబేద్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానుకోమని తనవారికి చెప్పాడు. 1948లో అచ్చయిన అస్పృశ్యుల చరిత్రలో, అంటరానితనపు మూలాలను ఆ తిండి చుట్టూ వెదికాడు. ఆయన మానమన్నది రుచిని కాదు, ఆ తిండి వెంట వచ్చిన దాస్యాన్ని. తరువాతి తరం దళిత రచయితలు అదే తిండిని తలెత్తి చెప్పుకున్నారు. రెండూ ఆత్మగౌరవపు మాటలే. ఇటు చట్టం కూడా మారింది. కర్ణాటకలో 1964 నాటి చట్టం పనికిరాని ముసలి ఎద్దు కోతకు అనుమతి ఇచ్చేది. 2020లో చేసిన చట్టం పదమూడేళ్ళు దాటిన ఎనుముకు తప్ప ఆ వీలు తీసేసింది. తునకల తాడు వీధుల నుంచి మాయమవడానికి సిగ్గు ఒక కారణమైతే, చట్టం ఇంకో కారణం.

అమెరికా పక్కటెముకల కథ కూడా దీనికి దూరం కాదు. అక్కడి దక్షిణాది తోటలలో గుంటలు తవ్వి, రాత్రంతా మేలుకొని, నిప్పు కాచి మాంసం వండినవారు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా సంతతివారు. మాంసం కర్మాగారాలు వచ్చాక, పక్కటెముకలు చవకగా దొరికే తక్కువ రకం సరుకయ్యాయి. కాన్సాస్ సిటీలో 1908 నుంచి పొగ మాంసం అమ్మిన హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటగాణ్ణి ఆ ఊరి బార్బెక్యూకు తండ్రి అంటారు. తర్వాత ఆ తక్కువ సరుకే ఖరీదైంది, వండినవారి పేర్లు మాత్రం వెనుకబడ్డాయి. ఆ పేర్లను వెలికితీస్తూ ఏడ్రియన్ మిల్లర్ నల్ల పొగ అన్న అర్థం వచ్చే పేరుతో 2021లో ఒక పుస్తకమే రాశాడు. వారి పొగకు అలా ఒక చరిత్రకారుడు దొరికాడు.

రెండు పొయ్యిలు

ఇదంతా చదివి, ఆ కట్టెపొయ్యి రోజులే బాగుండెనని ఎవరైనా నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పు పొయ్యి ముందు కూర్చున్నవారిది కాదని గ్రహించాలి. మాంసాన్ని కాపాడిన పొగే మన అమ్మల, అవ్వల కళ్ళనూ ఊపిరితిత్తులనూ తినేసింది. రాయలవారు కూడా ఇది ఎరిగినవాడే. ఆ వానాకాలపు వంటలో ఇల్లాలి కళ్ళలో పొగ చొరకుండా కొబ్బరిచిప్పలు కాల్చినట్టు రాశాడు. ఆ పద్యం పుట్టి ఐదు వందల ఏళ్ళు అయింది.

1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి గారు గ్రామాలకు పనికివచ్చే సాంకేతికత కోసం ఆస్త్ర అనే విభాగాన్ని స్థాపించారు. తుమకూరు జిల్లా ఉంగ్ర గ్రామంలో వారికి క్షేత్ర కేంద్రం ఉండేది. అక్కడి పరిశోధన నుంచి వచ్చిన ఆస్త్ర ఒలె, అంటే పొగ గొట్టం ఉన్న మూడు గిన్నెల పొయ్యి, 1980లలో కర్ణాటక పల్లెలకు చేరింది. కట్టె తక్కువ, పొగ బయటికి. సరిగ్గా అదే దశాబ్దంలో ఆరెగాన్‌లో ఒకాయన పొగను కొలత ప్రకారం మాంసానికి పట్టించే పెట్టె చేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే సమస్య: కట్టెకు ఎంత గాలి ఇస్తే ఎంత వేడి, ఎంత పొగ? ఒకరు దాన్ని ఆడవాళ్ళ ఊపిరి కోసం విప్పారు, మరొకరు సెలవునాటి విందు కోసం. రెండూ తప్పు కాదు. ఏ కాలంలో ఎవరికి ఏది అవసరమైందో చెప్పడమే చరిత్ర పని.

2016లో ఉజ్జ్వల పథకం మొదలయ్యాక గ్యాసు పొయ్యి పేదల ఇండ్లకూ ఇంకా వేగంగా చేరింది. మంచిదే. అయితే పొయ్యితో పాటు దండెం పోయింది, దండెంతో పాటు దాని మాటలు పోతున్నాయి.

ఇక్కడే మనకు, అంటే సరిహద్దుకు ఇవతలి తెలుగువారికి, ఒక నష్టం ఎక్కువగా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ వృత్తిపదాల మాండలిక కోశం తెచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటిమాటలు సేకరించిన గొప్ప పని అది. కాని ఆ తిరుగుడు ఆంధ్రప్రదేశ్ జిల్లాలది. గుడిబండె, బాగేపల్లి, చింతామణి దాని లెక్కలోకి రాలేదు. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో, కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ అని తెలిసి కూడా ఆ జిల్లాను కన్నడ రాష్ట్రంలోనే ఉంచింది. దాని మీద ఇప్పుడు వగచి పనిలేదు. మన ఊళ్ళు కన్నడంతో కలిసి పెరిగినవి. కాని బడి కన్నడంలో, ఇల్లు తెలుగులో ఉన్నచోట, ఇంటి మాటను రాసిపెట్టే బాధ్యత ఏ బడికీ లేదు. కోలారు జిల్లా శాసనాల సంపుటం 1905లో అచ్చయింది. కన్నడ శాసనాలతో పాటు తెలుగు, తమిళ శాసనాలూ అందులో ఉన్నాయి. పశువుల కోసం పోరాడి పడిపోయిన వీరుల రాళ్ళూ ఉన్నాయి. ఆ పశువు మాంసాన్ని ఎలా పంచుకున్నారో, ఎలా దాచారో చెప్పే రాయి మాత్రం లేదు, ఉండదు. ఆ రాయి మన ముసలివాళ్ళ నాలుక.

కాబట్టి ఒక చిన్న పని ఉంది. పోగు వేసేటప్పుడు ఒక్కొక్క ముక్కను ఏ పేరుతో పిలిచేవారు? పక్కటెముకకు మీ ఇంట్లో ఏం మాట? తల కాల్చడానికి ఏ చెత్త, ఏ కట్టె వాడేవారు, ఏ కట్టె పొగ చేదని మానేవారు? కండ గుచ్చిన దారానికి, వేలాడదీసిన కర్రకు, కింద పెట్టిన కుంపటికి పేర్లేమిటి? వాడలో తునకలను ఎన్ని రకాలుగా చెప్పేవారు? ఇంట్లో ఎనభై దాటిన వాళ్ళుంటే అడిగి, కన్నడ లిపిలోనైనా సరే, రాసిపెట్టుకోండి. రేపు మన పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో పొగపెట్టె ముందు నిలబడి పక్కటెముకలు తిప్పుతున్నప్పుడు, ఆ పొగకు తమ ఇంట్లో ఒక పాత పేరు ఉండేదని తెలియాలి కదా.